ఫైనల్ మొక్కు

వన్ టౌన్ బట్టల కొట్ల జట్టుకి ఉమామహేశ్ కెప్టెన్ అయినప్పటి నుంచీ కప్పు మా వీధి దాటి పోలేదు. అతనికి బ్యాటింగ్ అంతంత మాత్రం, బౌలింగ్ అసలే రాదు. ఉన్నదల్లా నోరు. జాకెట్ ముక్క చీరకి కలవకపోయినా కలిసిందనిపించే నోరు.

స్లిప్‌లో నిలబడి దాన్నే వాడేవాడు. "ఏమండీ, మీ మామగారు వచ్చినట్టున్నారే. గొడుగేసుకుని ఆ మూల కూర్చున్నారు" అనేవాడు. ఇక ఆ బ్యాట్స్‌మన్ ఆ మూలకే కొట్టి చూపించాలనుకునేవాడు. అక్కడ ముందే ఒక మనిషిని పెట్టి ఉంచేవాడు ఉమామహేశ్. సొంతవాళ్లనీ వదిలేవాడు కాదు. "ఒరేయ్, నేల మీద జీరాడనివ్వడానికి అది చీర ఫాల్ కాదు, వంగి పట్టుకో."

నేను అంపైర్ని. ఆట బాగా తెలిసి కాదు. పూజ చేసుకుని గానీ కొట్టు తెరవని మనిషి అబద్ధమాడడని రెండు జట్లూ ఒప్పుకున్నాయి. నాదీ బట్టల వ్యాపారమేనని ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ ఏడు సెమీఫైనల్లో మావాళ్లు ఓడిపోయేలా ఉన్నారు. ఉమామహేశ్ అమ్మవారి కొండవైపు తిరిగి, ఫైనల్‌కి చేరిస్తే భవానీ దీక్ష తీసుకుంటానని మొక్కుకున్నాడు. అమ్మ చేర్చింది. ఇతను మాల వేసుకున్నాడు. ఫైనల్ సరిగ్గా దీక్ష మధ్యలో పడింది.

దీక్షలో ఎర్రబట్టలు కట్టాలి, చెప్పుల్లేకుండా తిరగాలి. అంతవరకూ పర్వాలేదు. ఎదురైన ప్రతి మనిషినీ భవానీ అని పిలవాలి. ఎవరినీ నొప్పించకూడదు. అబద్ధం అసలే కూడదు.

"గెలిస్తే వేసుకుంటానని మొక్కుకోవాల్సింది కదయ్యా" అన్నాడు జట్టుని పోషించే బసవయ్య.

"అంత అడిగితే అత్యాశ అనుకుంటుందేమోనని, భవానీ."

ఫైనల్లో భవానీపురం కెప్టెన్ కిరీటి బ్యాటింగ్‌కి వచ్చాడు. ఏటా ఉమామహేశ్ మాటలకే ఔటయ్యే మనిషి. నేరుగా వచ్చి ఉమామహేశ్ కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"భవానీ, మా మామగారు వచ్చారా?"

"రాలేదు, భవానీ."

"మరి ఆ మూల మనిషిని పెట్టారేం?"

"మీరు అటు కొడతారని, భవానీ."

కిరీటి ఇటు కొట్టాడు. ఆ రోజంతా ఇటే కొట్టాడు.

చివరికి వాళ్లకి రెండు పరుగులు, మాకు ఒక్క వికెట్ కావాలి. కిరీటి బ్యాట్ అంచుకి తగిలిన బంతిని ఉమామహేశ్ ముందుకు దూకి నేలబారుగా పట్టుకున్నాడు. నాకు బౌలర్ అడ్డొచ్చాడు. పట్టావా అని అడిగాను. మైదానమంతా అతని నోటివైపు చూసింది.

"నేలకు తగిలిందేమో, భవానీ."

నాటౌట్ అన్నాను. తరవాతి బంతికి కిరీటి ఆట ముగించాడు.

సాయంత్రానికి కెప్టెన్సీ బసవయ్య మేనల్లుడికి పోయింది. మాలలో ఉన్నవాణ్ణి ఎవరూ తిట్టలేదు. ఉమామహేశ్‌ని ఎక్కువ బాధపెట్టింది అదేననుకుంటాను.

నా మనసు మాత్రం ఊరుకోలేదు. ఇంటికొచ్చి మా ఆవిడ రావమ్మతో అన్నాను. "ఫైనల్ దాకా తెచ్చిన తల్లి, ఇంకొక్క అడుగు వేయించకూడదా?"

"మీటరు గుడ్డ అడిగితే మీరు మీటరున్నర ఇస్తారా?" అంది రావమ్మ.

దీక్ష పూర్తయి, ఇరుముడి సమర్పించి, మాల తీసేసి ఉమామహేశ్ కొండ దిగుతుంటే మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పు ఉమా. ఆ బంతి నిజంగా తగిలిందా?"

"తగల్లేదనే అనుకుంటున్నా బాబాయ్ గారూ. మాల లేకపోతే ఆ అనుమానమే వచ్చేది కాదు."

"మరి వచ్చే ఏడు?"

"కెప్టెన్సీ నాకే ఇస్తారు లెండి. నేనైతే ఏమీ మొక్కుకోను."

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరుస్తూ చూశాను. ఒక చేతిలో అమ్మవారి ప్రసాదం, చంకలో దీక్షకి కట్టే ఎర్రబట్ట తాను పెట్టుకుని ఉమామహేశ్ ఆటో ఎక్కుతున్నాడు.

"భవానీపురం పోనీ" అన్నాడు డ్రైవర్‌తో. "కిరీటి గారింటికి."