ద్రీకా విరిచిన తుమ్మకొమ్మ

"నిప్పుకోడి కన్ను దాని మెదడుకన్నా పెద్దది," అన్నాడు మేనేజరు వెసెల్, కంచె దగ్గర గుమిగూడిన టూరిస్టులతో. ఆ పైన బొటనవేలు ద్రీకా వైపు తిప్పాడు. "మా ఆంటీదీ అదే లెక్క."

అందరూ పకపకా నవ్వారు. రోజుకు నాలుగుసార్లు అదే జోకు. ఊట్స్‌హోర్న్ ఊరి నిప్పుకోళ్ళ దొడ్లలో పద్దెనిమిదేళ్ళుగా పక్షుల్ని సాకుతున్న ద్రీకాకు విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది. ఇవాళ మాత్రం ఆమెకు జోకు సంగతి పట్టలేదు. అంతకన్నా పెద్ద మంట కడుపులో ఉంది.

పట్నం నుంచి ఊడిపడి ఆర్నెల్లు కాని ఈ పెద్దమనిషి, నిన్న దొడ్లో ఉన్న తుమ్మకొమ్మలన్నిటినీ మాంసం కాల్చే పొయ్యిలో పెట్టించాడు. ముళ్ళకొమ్మలు ఫొటోల్లో బాగోవట! చూసినవాళ్ళు పక్షుల్ని హింసిస్తున్నామనుకుంటారట! ఆ కొమ్మతో పక్షిని కొట్టిన పాపాన ఎవరూ పోలేదు. మొహానికి ఎదురుగా పట్టుకుంటే చాలు, మైళ్ళ దూరం చూసే ఆ కళ్ళను కాపాడుకోవడానికి అదే వెనక్కి తగ్గుతుంది. మనిషికున్న అడ్డు అదొక్కటే. రేపటి నుంచి ఆ అడ్డు లేకుండా మేత బక్కెట్టుతో లోపలికి వెళ్ళాల్సింది ద్రీకా కూతురు ఫియా.

"సారూ, పుంజు కాళ్ళు చూశారా? ఎర్రబడ్డాయి, అంటే జత కట్టే కాలం, కోపం మీదుంది. పెట్ట గుడ్లు పెట్టింది. ఇప్పుడు అది ముందుకు ఒక్క తన్ను తన్నిందంటే ఆ గోరు పొట్ట చీల్చేస్తుంది. నా పిల్లకి కొమ్మ ఇవ్వండి."

"నీకూ భయమే, నీ పిల్లకీ భయమే. ఉండు, చూపిస్తా."

వెసెల్ గేటు తీసుకుని ఒట్టి చేతులతో లోపలికి నడిచాడు.

పుంజు ఆ చివర్నుంచే చూసింది. రెక్కలు విప్పి, బుసకొడుతూ దూసుకొచ్చింది. వెసెల్ వెనుదిరిగి పరుగెత్తాడు. గుర్రాన్ని దాటే ఆ కాళ్ళ ముందు అతని పరుగు ఏపాటి?

"పడుకో! బోర్లా పడుకో!" అని అరిచింది ద్రీకా. నేల కరుచుకున్నవాణ్ణి చీల్చడం, ముందుకే తన్నే ఆ కాలికి చేతకాదు. వెసెల్ దబ్బున పడ్డాడు. పుంజు అతని వీపెక్కి తొక్కడం మొదలుపెట్టింది.

"కొమ్మ! ఆంటీ, కొమ్మ తే!"

"ఏ కొమ్మ? నిన్న నువ్వు తగలబెట్టించిందా?"

చావనీ అనిపించింది ద్రీకాకు ఒక్క క్షణం. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. కంచె పక్కనున్న తుమ్మచెట్టు నుంచి కొమ్మను ఒట్టి చేతులతో విరిచింది. ముళ్ళు అరచేతుల్లో దిగాయి. లోపలికి వెళ్ళి దాన్ని పుంజు మొహానికి ఎదురు పెట్టింది. అది పొడుగాటి రెప్పలు మూసి, మెడ వెనక్కి లాక్కుని, అడుగు అడుగు చొప్పున తగ్గింది.

వెసెల్ లేచి గేటు బయటపడ్డాడు. చొక్కా పీలికలైంది, వీపంతా గీతలు. ఊపిరి తిరగ్గానే టూరిస్టుల వైపు చూసి నవ్వాడు.

"చెప్పాగా, మెదడు తక్కువని!"

ద్రీకా నెత్తురు కారుతున్న చేత్తో కొమ్మను అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని మెడ వెనక్కి లాగాడు, అచ్చం పుంజులాగే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇదేంటో చెప్పు వాళ్ళకి."

"తుమ్మ... తుమ్మకొమ్మ."

"దేనికి?"

"ఇది లేకుండా... ఎవరూ లోపలికి వెళ్ళకూడదు."

"గట్టిగా చెప్పు. ఫియా ఆ కొట్టంలో మేత కలుపుతోంది. దానికి వినపడాలి."