ఉత్తరం కూర్చున్న మంచం

మునిశేఖర్ పోయిన మర్నాటి నుంచి ఉత్తర దిక్కు షెడ్డులోని నవారు మంచం మీద కూర్చుని ఉంది. లేవడం లేదు. అతని భార్య ఇందుమతి దిక్సూచిని వంటింట్లో పెట్టినా, వీధిలో పెట్టినా, పులికాట్ సరస్సు గట్టు మీద పెట్టినా ముల్లు తిన్నగా ఆ మంచం వైపే తిరుగుతోంది. ఉత్తరానికి పోవాల్సిన బస్సులు కూడా షెడ్డు ముందుకొచ్చి ఆగి, కాసేపు ఆలోచించుకుని వెనక్కి పోతున్నాయి. డ్రైవర్లు హారన్ కొట్టడం లేదు. చావు జరిగిన ఇల్లు కదా, ఆ మాత్రం మర్యాద ఉంటుంది.

ఇందుమతిది పిట్టల చదువు. చలికాలానికి ఇటు వచ్చే గులాబీ గోరింకలు ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి తిరిగి పోతాయి. భూమిలో ఉన్న అయస్కాంతపు లాగుడు వాటికెలా తెలుస్తుందన్నదే ఆమె పరిశోధన. అందుకోసం పెరట్లో కిటికీల్లేని షెడ్డు కట్టించి, లోపల నాలుగు పక్కలా రాగి తీగ చుట్టలు నిలబెట్టింది. వాటిలోకి కరెంటు పంపితే షెడ్డు వరకూ ఉత్తరాన్ని తూర్పుకి జరపొచ్చు. ఆ చుట్టలు చుట్టింది మునిశేఖర్. సూళ్లూరుపేటలో మోటార్లు రివైండింగ్ చేసే షాపు అతనిది. తీగ చుట్టించుకోవడానికి వెళ్ళిన మనిషి తాళి కట్టించుకుని వచ్చింది.

అతని గుండె ఆగింది కూడా ఆ షెడ్డులోనే. బయట అకాల వాన కుండపోతగా కురుస్తోంది. తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టమన్నారు పెద్దలు. కిటికీల్లేని చోట దక్షిణం ఏదో ఎవరికి తెలుస్తుంది? ఎవరో బల్ల మీదున్న దిక్సూచి చూసి చెప్పారు. చుట్టల్లో కరెంటు పారుతూనే ఉందన్న సంగతి ఆ ఏడుపుల్లో ఎవరికీ తట్టలేదు, ఇందుమతికి కూడా. దక్షిణమనుకుని పడమటికి తల పెట్టారు. వాన వెలిశాక మనిషిని మోసుకుపోయారు గాని, వెళ్ళాల్సినవాడు వెళ్ళలేదు, ఉత్తరాన్నీ కదలనివ్వలేదు.

షెడ్డులో పచ్చ బల్బు వేస్తే మునిశేఖర్ మంచం మీద కనబడతాడు. ఎర్ర బల్బు వేస్తే కనబడడు. ఇందులో వింతేమీ లేదు, ఆమె పరీక్షల్లో పిట్టలకు ఉత్తరం కూడా అలాగే కనబడుతుంది. ఇందుమతి ఎర్ర బల్బును తీసి బావిలో పారేసింది.

"రెండు ముద్దలు తినరా," అంటుంది అతని తల్లి చెంగమ్మ, పళ్ళెం పట్టుకుని.

"ఆకలి లేదమ్మా. ఒళ్ళంతా ఎవురో లాగతా ఉండారు," అంటాడతను.

ఎండలు ముదురుతాయి. గోరింకలు బయల్దేరతాయి. ఉత్తరానికి పోవాలి కాబట్టి అవి ఇందుమతి ఇంటికే వస్తాయి. ఫ్యాను రెక్కల మీద, బట్టల దండెం మీద, బియ్యం బస్తాల మీద, చెంగమ్మ భుజాల మీద వరసగా వాలి, అన్నీ షెడ్డు వైపే ముఖం పెట్టుకుని కూర్చుంటాయి. గింజ వేస్తే చూడవు. నీళ్ళు పెడితే తాగవు. నాలుగు నాళ్ళు గడిచేసరికి పండిన నేరేడు పళ్ళలా ఒక్కొక్కటే రాలడం మొదలవుతుంది.

చెంగమ్మ రాలినవాటిని కొంగులో ఏరుకుని కోడలి ముందుకొచ్చి నిలబడుతుంది.

"వాణ్ణి పంపీమ్మే."

"పంపను, అత్తా."

"పిట్టలు చస్తా ఉండాయి."

"చూస్తానే ఉండా."

"చూస్తా చూస్తా అట్టా కూర్చోనుండావా? వాడు నా కడుపున పుట్టినోడు. నేనే పొమ్మంటా ఉంటే నువ్వేంది పట్టుకోనుండేది?"

లోకంలోని పిట్టలన్నీ రాలిపోయినా సరే, ఆ మనిషి ఆ మంచం మీద ఉంటే చాలని ఇందుమతికి అనిపిస్తోంది. పిట్టల వెంట తిరిగి తిరిగి ఎండకు నల్లబడ్డ మనిషికి అలా అనిపిస్తోంది. సిగ్గేస్తోంది, అయినా అలాగే అనిపిస్తోంది.

పిట్టలను మోసం చేద్దామని చూస్తుంది. గరాటు ఆకారపు పంజరానికి లోపల కాగితం అతికించి, అందులో ఒక గోరింకను వదులుతుంది. ఎటు పోవాలనుకుంటే అటు ఎగిరెగిరి పిట్ట ఆ పక్క కాగితం మీద గోళ్ళతో గీరుతుంది. చుట్టల్లోకి కరెంటు పెంచి దొంగ ఉత్తరాన్ని తయారుచేస్తే పిట్టలు దాని వెంట పోతాయి, మునిశేఖర్ ఇక్కడే ఉండిపోతాడు. కరెంటు పెంచుతుంది. ఇంకా పెంచుతుంది. రాగి తీగలు కమురు వాసన వేస్తాయి. కాగితం తీసి చూస్తే గీతలన్నీ మంచం వైపే ఉన్నాయి. పిట్ట మాత్రం కళ్ళు తేలేసి ఆమె అరచేతిలో వాలిపోతుంది.

దాని గుండె కొట్టుకోవడం ఆగేదాకా ఇందుమతి దాన్ని అలాగే పట్టుకుంటుంది. తర్వాత కరెంటు ఆపి అత్తను పిలుస్తుంది.

"మంచం తిప్పుదాం రా అత్తా. తల దక్షిణానికి పెడదాం."

మునిశేఖర్ బుద్ధిగా పడుకుంటాడు. ఇద్దరు ఆడవాళ్ళూ చెరో కోడు పట్టుకుని లాగుతారు. మంచం కదలదు. దాని బదులు ఊరు తిరుగుతుంది. తలుపులోంచి తాటిచెట్లు, గట్టు, పులికాట్ నీళ్ళు, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు ఒకదాని వెనక ఒకటి జరిగిపోతుంటాయి. "కాస్త ఆపండమ్మా, మా ఇంటికాడ దిగాల," అంటూ సైకిలు మనిషి ఒకడు జరిగిపోతాడు. దక్షిణం తలకిందకు వచ్చాక ఊరు ఆగుతుంది.

అయినా అతను వెళ్ళడు.

"ఎటో తెలిసింది ఇందూ. యాడికో తెలీడం లా," అంటాడు. "దూరం పోయే పిట్టకు రెండూ కావాలని నువ్వే కదా చెప్పింది."

"నీకు తెలిసిన చోటేదన్నా ఉందా?"

"ఇల్లొక్కటే. ఆ దారి నా దగ్గర లేదు, కట్టెల మీద కాలిపోయింది. నీ తలలో ఉండేది ఇస్తే పట్టుకోని పోతా."

"ఇస్తే నాకు మిగలదు కదా."

"మిగలదు."

ఇందుమతికి ఏడుపొస్తుంది. ఏడుస్తూనే చెవి వెనక వేళ్ళు పెట్టి, తలలో చిక్కు తీసుకున్నట్టు మెల్లగా ఇంటి దారిని బయటికి లాగుతుంది. బస్టాండు వస్తుంది, దాని వెనక వడ్ల మిల్లు, మిల్లు దాటాక మట్టి రోడ్డు, చివరికి గేటు కిర్రుమనే చప్పుడు వస్తుంది. సన్నగా, వెచ్చగా ఉంది. మునిశేఖర్ దాన్ని ఎడమచేతి వేళ్ళ మీదకు చుట్టుకుంటాడు. అలవాటైన పని కాబట్టి ఎక్కడా ముడి పడనివ్వడు.

"పొద్దున్నే ఉత్త టీ తాగి పోబాక," అంటాడు. "అన్నం తిను."

ఇంట్లో గోరింకలన్నీ ఒక్కసారి లేస్తాయి. షెడ్డు నల్లగా, గులాబీగా నిండిపోయి ఖాళీ అవుతుంది. చెంగమ్మ చూసేసరికి నవారు మీద మునిశేఖర్ పడుకున్న పల్లం లేదు. ఇందుమతి వాటి వెంట పరుగెత్తి గట్టు ఎక్కి, ఆఖరి పిట్ట కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతుంది.

వెనక్కి తిరిగితే ఎటు పోవాలో తెలియదు. అక్కడే నిలబడుతుంది.

పొద్దు వాలుతుండగా పులికాట్ నీళ్ళలోంచి ఒక ఇల్లు నడిచి వస్తోంది. తడవకుండా పునాదిని మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తోంది. కిటికీలో లైటు వెలుగుతోంది, అడుగడుక్కీ గేటు కిర్రుమంటోంది. ఒక ముసలావిడ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, గొంతు జీరపోయేలా ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

ఎవరి ఇల్లో పాపం, అనుకుంటుంది ఇందుమతి. ఆవిడ పిలుస్తున్న మనిషి త్వరగా దొరికితే బాగుండు. దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకుని, ఇల్లు తనను దాటిపోయేదాకా నిలబడుతుంది.