అత్తయ్యగారి తామరదుంపల సూపు

మా అత్తయ్య కాచే సూపుని మెచ్చుకోనివాళ్ళు మా సందులో లేరు. వాళ్ళకేం పోయింది, మెచ్చుకుంటారు. తాగాల్సింది నేను.

వాళ్ళ ఊరు షున్‌డక్ నుంచి వచ్చి బస్సు దిగిన రోజే ఆవిడ నా వంటిల్లు ఆక్రమించుకుంది. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో తన మట్టికుండ. మనవణ్ణి ఎత్తుకోకముందే నా గిన్నెలు చూసి మూతి తిప్పింది.

"వీటిల్లోనా నా కొడుక్కి వండిపెడుతున్నావ్? వాడింకా నిలబడి తిరుగుతున్నాడంటే చిన్నప్పుడు నేను పోసిన సూపు బలమే అమ్మాయ్."

ఆవిడ వచ్చింది నాకు సాయం చేయడానికి కాదు, మా బాబు హేయ్‌జైని తీసుకుపోవడానికి. వాడికి నాలుగో నెల నడుస్తోంది. తన దగ్గరైతే వాడు బొద్దుగా పెరుగుతాడట, నేను మళ్ళీ నూడుల్స్ హోటల్లో పనికి పోవచ్చట. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదానికి పిల్లల్ని పెంచడం ఏం తెలుస్తుందట. గిన్నెలు కడగడమైతే తెలుస్తుంది కాబోలు.

మా ఆయన వింగ్‌కే వాళ్ళమ్మకి ఎదురు చెప్పడు. నాకూ చెప్పలేడు. అందుకని మధ్యలో నిలబడి, "పాలు ఉన్నన్నాళ్ళూ బాబు ఇక్కడే ఉంటాడు. ఆగిపోతే అమ్మతో పంపిద్దాం" అనేశాడు. ఏదో పెద్ద న్యాయం చేసినట్టు మొహం పెట్టుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

అప్పట్నుంచి నాకు దిగులు పట్టుకుంది. వాడు ఏడిస్తే ఆకలేమోనని భయం, ఏడవకపోతే నీరసమేమోనని భయం. నిద్రపోతున్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

అత్తయ్య మాత్రం మహా హుషారుగా ఉంది. రోజూ పొద్దున్నే బజారుకి పోయి పంది ఎముకలు, తామరదుంపలు తెచ్చేది. ఎముకల్ని ఒక పొంగు రానిచ్చి, నురుగు పారబోసి, మళ్ళీ కడిగేది. దుంప కన్నాల్లోకి చాప్‌స్టిక్ పెట్టి బురదంతా పొడిచి పొడిచి తీసేది. లోకంలో తామరదుంప కడగడం ఆవిడే కనిపెట్టినట్టు! తర్వాత క్యారెట్, వేరుసెనగలు, ఎండు ఖర్జూరాలు. చివర్లో నాకు వీపు తిప్పి ఒక చిన్న గుడ్డమూట కుండలో జారవిడిచేది.

"అదేంటి అత్తయ్యా?"

"మూలికలు. నీకు చెబితే అర్థమై చచ్చేనా? మూత తీయకు, ఆవిరి పోతుంది."

మధ్యాహ్నానికి పెద్ద గిన్నె నా ముందు పెట్టి ఎదురుగా కూర్చునేది. అడుగు కనిపించేదాకా కదిలేది కాదు. కాస్త ఆగితే, "పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డాను, ఎవరికోసం? మా అత్త నాకు ఎముకలు కడిగిన నీళ్ళు కూడా పోయలేదు" అని మొదలుపెట్టేది. పక్కింటావిడ కిటికీలోంచి, "అదృష్టవంతురాలివమ్మా యుక్‌లిన్!" అని అరిచేది. ఆ అదృష్టాన్ని నేను గుటకలు గుటకలుగా మింగేదాన్ని.

ఎంత తాగినా పాలు తగ్గుతూ వచ్చాయి. బాబు కాసేపు లాగి, వదిలేసి, నా మొహంలోకి చూసి గుక్కపట్టేవాడు. అత్తయ్య పక్కనే నిలబడి జాలి పడేది.

"పాపం, ఉత్త నీళ్ళలా ఉన్నాయి. నీ తప్పేం లేదులే, నీ ఒళ్ళే అంత." ఆ మాట అనేటప్పుడు ఆవిడ కళ్ళు ఎంత తళతళలాడేవో!

ఒక శనివారం ఆవిడ మేడమీదికి మహ్‌జాంగ్ ఆడటానికి వెళ్ళింది. నేను కుండ మూత తీశాను. ఆవిరి పోతే పోయింది. గరిటెతో గుడ్డమూట పైకి లాగి విప్పాను. లోపల ఉబ్బిన బార్లీ గింజలు, ఒక్కో గింజకీ చిన్న మొలక తోక. మొలకెత్తించి, ఎర్రగా వేయించినవి. మా అక్క తన కూతురికి పాలు మాన్పించాలనుకున్నప్పుడు మా అమ్మ కాచి ఇచ్చింది ఇవే. పాలు వెనక్కి పోవడానికి మా వాళ్ళందరూ వాడేది ఇవే. ఆ వాసన నా ముక్కుకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! అది తెలియకుండా ఖర్జూరాలు ఎక్కువ వేసేది మహాతల్లి.

వింగ్‌కే రాగానే చూపించాను.

"అరుగుదలకి వేసుంటుందే" అన్నాడు.

"అరగడం లేదని నేను చెప్పానా?"

"సూపే కదా, విషం కాదు కదా. నేనూ తాగుతున్నాగా, నాకేమైంది?"

"నీకు పాలు ఆగిపోతాయని ఎవరు భయపడుతున్నారు?"

అతను నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. "పొద్దున చూద్దాంలే" అన్నాడు. మా ఆయన పొద్దున చూసినవి ఈ ఇంట్లో చాలా ఉన్నాయి.

అందుకని పొద్దున నేనే చూశాను. అత్తయ్య లేవకముందే బాబుని వీపుకి కట్టుకుని బజారుకి పోయాను. దుంపలమ్మే హో పిన్ని నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇవాళ నువ్వొచ్చావా! బతికించావ్. మీ అత్త ఒక్క దుంప కోసం నా తట్టంతా తిరగేసి, ఆఖరికి రెండు ఉల్లికాడలు ఊరికే పట్టుకుపోతుంది. ఇదిగో, ఈ పొట్టిగా లావుగా ఉన్నది తీసుకో. పిండిపిండిగా ఉడుకుతుంది. ఆ పొడుగుది వేపుడుకి తప్ప పనికిరాదు."

"ఎముకలు ఎక్కడ కొనను?"

"మూలనున్న కొట్లో. నేను పంపానని చెప్పు, మాంసమున్నవి ఇస్తాడు. చెప్పకపోతే కుక్కలకి వేసేవి ఇస్తాడు."

అత్తయ్య లేచేసరికి కుండ మరుగుతోంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా కుండ ముట్టుకున్నావా?"

"కడిగే ముట్టుకున్నాను."

ఆదివారం కాబట్టి మధ్యాహ్నం ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం. సూపు గిన్నెల్లో పోశాను. మాంసం, దుంపలు పళ్ళెంలో పెట్టి పక్కన సోయా సాస్ ఉంచాను. ఆ పక్కనే నిన్న విప్పిన గుడ్డమూట.

అత్తయ్య దానివైపు చూడకుండా ఒక చెంచా నోట్లో పోసుకుంది. "ఉప్పు లేదు. దుంప ఉడకలేదు."

"దుంప నోట్లోనే కరుగుతోందమ్మా" అన్నాడు వింగ్‌కే. పాపం, రుచి విషయంలో మాత్రం అతనికి అబద్ధం రాదు. తర్వాత గింజలకేసి చూశాడు. "ఇవెందుకు వేశావమ్మా?"

"అరుగుదలకిరా."

"ఎవరి అరుగుదలకి?"

"ఎవరికైతే ఏంటి? పెద్దదాన్ని, నాకు తెలీదా? దీని మాట పట్టుకుని నన్ను నిలదీస్తావా? బడి మొహం చూడనిది నాకు వైద్యం నేర్పుతుందా? అవి వేయకపోతే దీని పాలు ఎప్పటికి ఆగేట్టు? పోయిన నెలే మనింట్లో వాడికి ఉయ్యాల కూడా కొనిపెట్టాను!"

అనేశాక తనేమన్నదో ఆవిడకి తెలిసింది. చెంచా గిన్నెలో వదిలేసింది.

వింగ్‌కే తన గిన్నె పక్కకి నెట్టాడు. తర్వాత, "అమ్మా, షున్‌డక్ బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

ఆవిడ కుండలోని సూపు నా గిన్నెల్లోకి వంపేసి, కుండ తుడుచుకుని, సందంతా వినబడేలా ముక్కు చీదుకుంటూ వెళ్ళింది. వింగ్‌కే బస్సుదాకా సంచి మోసుకెళ్ళి వచ్చాడు.

అతను వచ్చేసరికి నేను బాబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు లాగాడు, వదిలాడు, మళ్ళీ లాగాడు.

"వస్తున్నాయా?" అన్నాడు వింగ్‌కే గుమ్మంలోంచి.

"కొంచెం. రాకపోతే? పంపిస్తావా?"

అతను చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కున్నాడు. "డబ్బా పాలు తెస్తాను."

"ఎవరికి?"

"బాబుకి. చాలకపోతే అవి తాగుతాడు. ఇక్కడే."

ఆ ముక్క మొదటి రోజే అని ఉంటే నాకు ఇంత సూపు తాగే పని తప్పేది.