కాళ్ళెత్తుకునే బండి

దారిలో నీటిమడుగు కనిపించినప్పుడల్లా వడ్రంగి "కాళ్ళు" అనేవాడు. పక్కన కూర్చున్న భార్య ఆ మాట పూర్తయ్యేలోగా రెండు పాదాలూ ఎత్తి సీటు మీద పెట్టుకునేది. ట్రక్కు అడుగురేకుకు పడిన చిల్లులోంచి బురదనీరు చివ్వున పైకి చిమ్మి, చేయవలసిన పని చేసినట్టు మళ్ళీ కిందికి దిగిపోయేది. ఏళ్ళ తరబడి సాగిన ఈ అలవాటు ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, పరాయి బండిలో వెళుతున్నా మడుగు కనబడితే చాలు, కాళ్ళు వాటంతటవే లేచేవి. తమ్ముడు కొన్న కొత్త కారులోనూ అలాగే లేచాయి. తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా భర్త ముందు నిలబడింది.

"వినండి. వచ్చే వానకి నేను కాళ్ళు కింద పెట్టుకుని కూర్చోగలిగితే బండి ఉంటుంది. నా కాళ్ళు తడిశాయా, పాత ఇనుము వాడికి కబురు పెడతాను."

"దానికీ మన పెళ్ళికీ ఒకటే వయసు," అన్నాడు వడ్రంగి.

"అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

ఆమె బట్టలు కుట్టే మనిషి. ఆమె కత్తెర ఒకసారి గీత మీద పడితే ఇక పక్కకు పోదు, మాటా అంతే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అతను చేసిన బీరువాలూ మంచాలూ ఉయ్యాలలూ అన్నీ ఆ బండి ఎక్కే ఇళ్ళకు చేరాయి. అది లేకుండా తనను ఊహించుకోబోతే, ఉలి మరిచిపోయి పనికి బయలుదేరినట్టు చేతులు వెలితిగా తోచేవి.

ఇంటి పక్కన రేకుల పంచలో పని మొదలైంది. కారు కొన్న ఆ బావమరిదే, వెల్డింగు పని చేసేవాడు, సాయానికి వచ్చాడు. కాళ్ళ కింది పట్టా లాగేసి తీగల బ్రష్షుతో రుద్దుతుంటే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. రుద్దినకొద్దీ చిల్లు పెరుగుతూ పోయింది. ఒకచోట బ్రష్షు చప్పుడు మారింది. బావమరిది వంగి చూసి, గోటితో గీరాడు.

"ఇదేంటి బావా, చెక్క?"

"అప్పట్లో నాకు చేతనైన అతుకు అదే."

"పైన నీలం రంగు కూడా పూశావు. ఇనుప బండికి చెక్కకాలు పెట్టి ఇన్నాళ్ళూ పరుగెత్తించావన్నమాట."

"పరుగెత్తిందిగా."

"ఇంకా రుద్దుతావేం? బాగు చేస్తున్నామా, బావి తవ్వుతున్నామా?"

"కుళ్ళిన రేకుకి అతుకు వేస్తే ఆ అతుకు దేన్ని పట్టుకుంటుందిరా? గట్టి ఇనుము తగిలేదాకా పోవాల్సిందే."

ఆ మాట అన్నాక వడ్రంగి చేయి కాసేపు ఆగింది. తన విషయంలో గట్టిచోటు తగిలేదాకా గీరి చూసుకున్నది తక్కువ, చెక్క పెట్టి రంగు పూసుకున్నది ఎక్కువ. ఆ ఆలోచన అతన్ని బాధించలేదు; మిగిలిన పనిలో ఒక భాగంలా తోచింది. మళ్ళీ రుద్దసాగాడు.

చివరికి గట్టి ఇనుము మెరుపు కనిపించింది. బావమరిది కొత్త రేకు కత్తిరించి, చుట్టూ అతికి, అతుకు నున్నగా అరగదీసి, తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. వడ్రంగి ఎర్రటి ప్రైమరు పూసి ఆరనిచ్చాడు. తలుపుల అంచున లేచిన తుప్పును కూడా గీకి, నీలం రంగు కలపడం మొదలుపెట్టాడు.

కిటికీ పక్కన కుట్టుమిషను ఆగింది.

"ఆ నీలం కాదు," అంది భార్య.

"తలుపు పక్కన పెట్టి చూసే కలిపాను."

"తలుపు ఎండకి వెలిసిపోయింది. వెలిసిన బట్టకి దారం కావాలంటే కుట్టు విప్పి లోపలి మడత చూస్తాం."

ఆమే బయటికి వచ్చి, తలుపుకున్న వెనక చూసే పక్క అద్దం మరలు విప్పించింది. దాని కింద, ఎండ ఎన్నడూ చూడని చోట, కొన్ననాటి నీలం నిండుగా ఉంది. ఇద్దరూ దగ్గరికి వంగి చూశారు.

"సరే, ఇదే కలుపుతా," అన్నాడతను.

"వద్దు. ఇదే వేస్తే కొత్త మాసిక పాత చీర మీద కూర్చున్నట్టుంటుంది. ఈ రెంటికీ మధ్యది కావాలి. తడి మీద చూసి నమ్మకండి, ఆరాక చూడండి."

ఒకప్పటి బండి నిజమా, ఇప్పటి బండి నిజమా అని తాను తేల్చుకోలేని ప్రశ్నను ఆమె పుల్లతో కలిపి తేల్చేస్తుంటే అతను డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. రేకుముక్కల మీద చుక్కలు పెట్టి, ఎండలో ఆరబెట్టి, ఒక్కొక్కటే తలుపుకు ఆనించి చూసింది. చెంప మీద నీలం అంటుకుంది.

"పాత ఇనుము వాడి పక్షం కదా నువ్వు?"

"డబ్బా కదపకుండా పట్టుకోండి."

రంగు అతికినట్టు కుదిరింది. ఆ సంతోషంలో వడ్రంగికి పని ఆపబుద్ధి కాలేదు. చీమ దూరే సందు ఉన్నా బీరువాను ఇల్లు దాటనివ్వని మనిషి. మూల మూలా వెతికి, తలుపుల అడుగు అంచున కనిపించిన సన్నటి సందుల్ని కూడా రబ్బరు జిగురుతో పూడ్చి, పైన రంగు వేశాడు.

వాన వచ్చింది. అది వెలిసేదాకా కూడా ఆగక, బావమరిదిని పిలిచి ముగ్గురూ బండెక్కారు. సందు మలుపులో వీధి వెడల్పున మడుగు. వడ్రంగి "కాళ్ళు" అనకుండా పళ్ళు బిగపట్టాడు. ఆమె పాదాలు మాత్రం ఎప్పటిలాగే లేచాయి. బండి మడుగు దాటింది. ఆమె తొంగి చూసింది. నేల పొడిగా ఉంది. ఒక పాదం ఆనించింది. తర్వాత రెండోది. వడ్రంగి ఊపిరి వదిలాడు.

అప్పుడు మలుపు తిరిగారు. ఆమె మోకాలి పక్కన తలుపులో ఏదో గుడగుడమంది. బ్రేకు వేస్తే ఆ చప్పుడు ముందుకు, వదిలితే వెనక్కి.

"తలుపు మాట్లాడుతోంది," అంది ఆమె.

బండి ఆపారు. బావమరిది దిగి తలుపు అడుగున వేలితో తడిమాడు.

"కిటికీ అద్దం సందులోంచి తలుపులోకి నీళ్ళు ఎప్పుడూ దిగుతాయి బావా. పోవడానికి కింద కన్నాలుంటాయి. ఏవీ?"

"పూడ్చాను."

"ఎందుకు?"

"చిల్లులు కదా."

బావమరిది బండికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వడ్రంగి నవ్వలేకపోయాడు. చిల్లంటే లోపమని జీవితమంతా నమ్మినవాడికి, ఉండవలసిన చిల్లు కూడా ఒకటుంటుందని నడివీధిలో తెలిసింది. నీళ్ళు ఇలా నిలిచి ఉంటే తలుపూ తుప్పు పడుతుంది. భార్య మొహంలోకి చూసే ధైర్యం రాలేదు.

ఆమె సంచి వెతికి దబ్బనం తీసింది. గోనెసంచులు కుట్టే ఆ పెద్ద సూదితో తలుపు అడుగున పూడ్చిన చోటు వెతుకుతుంటే, ఏం చేస్తోందో చూద్దామని అతను దగ్గరికి వంగాడు.

"కాళ్ళు," అంది ఆమె.

ఏళ్ళ తరబడి తాను చెప్పిన ఆ మాట తనకు వినిపించేసరికి అతనికి ఏం చేయాలో తోచలేదు. నీటిధార సూటిగా వచ్చి బూట్లు నింపింది. ఆమె నవ్వు ఆపుకోలేక తడి రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"మరి పాత ఇనుము వాడు?" అన్నాడు, బూటు విప్పి వంచుతూ.

"నా కాళ్ళు తడవలేదుగా. మీ కాళ్ళ మాట నేనెప్పుడన్నాను?"

అతను దబ్బనం అందుకుని, ఒంటి బూటుతో రెండో తలుపు వైపు నడిచాడు. ఈసారి కొంచెం దూరంగా నిలబడి, చేయి చాచి గుచ్చాడు.