చేతికందే గది

ఆ గది పొడవు పదడుగులు, వెడల్పు ఎనిమిది. రెండువేల మూడులో డేనియల్ దాన్ని అద్దెకు అడిగినప్పుడే ఇంటి ఓనరు గురుస్వామి చెప్పాడు: "ఒంటి మనిషికైతే సరిపోతాదప్పా. ఇద్దరికి ఇరుకు."

డేనియల్ నంద్యాలలో వడ్రంగి. ఆ గదికి అతను తెచ్చుకోవాలనుకున్నది భార్య దేవమ్మను. అంతకు ముందటేడు రుద్రవరం దగ్గర పత్తి తీసి వస్తుంటే ట్రాక్టరు బోల్తాపడి ఆమె నడుము విరిగింది. ఇక నడిచేది లేదని కర్నూలు డాక్టరు అతన్ని పక్కకు పిలిచి చెప్పాడు. బయట స్ట్రెచర్ మీద కళ్లింత చేసుకుని చూస్తున్న మనిషికి ఆ మాట ఎలా చెబుతాడు? "ఆర్నెల్లు ఓపిక పట్టాలంట" అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

అప్పటినుంచి ఆమె ఆళ్లగడ్డలో అక్క జయమ్మ ఇంట్లో ఉంది. అతను ఆదివారం ఆదివారం పోయేవాడు. "మొన్న బొటనేలు కదిలినట్టుండె" అనేది. అతను తలూపి మాట మార్చేవాడు.

గది చేతికొచ్చాక డేనియల్ ముందు నేల మీద కూర్చున్నాడు. కాళ్లను తువ్వాలుతో కట్టేసుకుని, చెయ్యి ఎంతవరకు అందుతుందో గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీతకు పైన ఏదీ ఉండకూడదు. బియ్యం డబ్బా, నీళ్ల చెంబు, బైబిలు, దువ్వెన, అన్నిటికీ దాని కిందే అరలు కొట్టాడు. కిరసనాయిలు స్టవ్వును గట్టు మీదినుంచి దించి మంచం పక్కన పీట మీద పెట్టాడు. ఆమె పట్టుకుని ఒళ్లు పైకి లాక్కునేందుకు దూలానికి మోకు వేలాడదీశాడు. తను పడుకునే చెక్కను గోడకు బందులతో బిగించాడు. పగలు మడిచేస్తే నడవడానికి రెండడుగుల చోటు మిగులుతుంది. గురుస్వామిని బతిమాలి కిటికీ కింది గోడను కూడా రెండడుగులు కొట్టించాడు. మంచం మీంచి వీధి కనపడాలి కదా.

దేవమ్మను జీపులో తెచ్చారు. కూడా వచ్చిన జయమ్మ గదంతా చూసి, "రాణీవాసం గదమ్మే!" అని మురిసిపోయి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

దేవమ్మ అందిన అరలను ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసింది.

"లేసి నిలబడినోళ్లకు పనికొచ్చేది ఒక్కటీ లేదే ఈడ," అంది చివరికి.

అతను తన పడక చెక్కను మడిచి గోడకు ఆనించసాగాడు.

"డాక్టరు నీకేం చెప్పినాడు?"

అప్పుడు చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"ఆర్నెల్లంటివి. నేను దినాలు లెక్కపెట్టుకుంటా ఉంటి. మా అక్కకు తెలుసునా?"

"తెలుసు."

"అందరికీ తెలుసు, నాకు తప్ప." గోడవైపు ముఖం తిప్పుకుంది. "స్టవ్వు గట్టు మీదికి ఎత్తిపెట్టు."

"అందదు గదా దేవమ్మా."

"ఎత్తిపెట్టు!"

ఎత్తిపెట్టాడు. మూడోనాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆమె గట్టు కింద నేల మీద పడి ఉంది. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. గట్టు అంచు పట్టుకుని లేవాలని చూసి ఎంతసేపటినుంచి అలా పడి ఉందో ఆమె చెప్పలేదు. అతను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, స్టవ్వును మళ్లీ పీట మీదికి దించాడు. ఈసారి ఆమె వద్దనలేదు. దాన్ని వెలిగించనూ లేదు.

వానాకాలానికి పడక పుండ్లు పడ్డాయి. చర్చి నుంచి సలోమి వచ్చి మంచం పక్కన మోకరించింది.

"ప్రార్థన చేద్దాం చెల్లీ. ప్రభువు నిన్ను లేపి నడిపిస్తాడు."

"ఆ మాట అడగొద్దక్కా," అంది దేవమ్మ. "పుండ్లు మానాలని అడుగు. ఒక పక్కకు తిరిగి కాసేపు నిద్రపోతే చాలు నాకు."

సలోమి డేనియల్ వైపు చూసింది. అతను తలవంచుకున్నాడు. ఇక ఆమె కళ్లు మూసుకుని అంతమటుకే అడిగింది.

పుండ్లు మానలేదు.