నీలం పెట్టెలో బొంత

ఎమర్సన్ గేటు దగ్గర లారీ కంటే ముందు దాని కాగితాలు సరిహద్దు దాటాలి. లోపల ఏముందో, ఎవరు పంపారో, ఎవరికి చేరాలో అమెరికా వైపు కూర్చున్న అధికారికి ముందే తెలిసుండాలి. తెలియకుండా వెళ్లిన లారీ పిలవని పేరంటమే. ఆ కబురు పంపడం యివెట్ సాబురిన్ పని. ఆ పనిలో ఆమెకు సాటి ఇంకొకరు లేరని నేనంటే అతిశయోక్తి అనుకోవచ్చు, కానీ లారీ డ్రైవర్లను అడిగి చూడండి. సగంమంది ఆమె ముఖం కూడా ఎరగరు. అయినా ఆమె నుంచి "వెళ్లొచ్చు" అన్న మాట వస్తే ఇక దేనికీ వెనకాడరు. అది వచ్చేదాకా గేటుకు ఇవతల డోరీన్ హోటల్లో కాఫీ తాగుతూ కూర్చుంటారు.

ఆ వసంతంలో ఒకరోజు యివెట్ కోడిపిల్లల లారీ ఒకటి పంపింది. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేది అగాథా రెంపెల్ అనే పెద్దావిడ. కొన్నది అవతలి వైపు రైతు వాండా. డ్రైవరు కోర్నీ. పశువుల డాక్టరు సంతకం నుంచి అట్టపెట్టెల లెక్క దాకా అన్నీ సరిగ్గా కుదిరాయి. అవతల ఒప్పుకున్నారు. యివెట్ కోర్నీకి "వెళ్లొచ్చు" అని పంపి, టీలో పాలు పోసుకుంటుండగా ఫోన్ మోగింది.

"పిల్లా, కోర్నీ అక్కడికి చేరాక ఆ నీలం పెట్టె మూత వాడు తీయకూడదని చెప్పు. వాండాయే తీయాలి."

"ఏ నీలం పెట్టె, మిసెస్ రెంపెల్?"

"ఏం లేదులే," అంది అగాథా.

"ఏం లేకపోతే మూతెందుకు దానికి?"

"అబ్బ, ఓ బొంతమ్మా! మా చర్చి ఆడవాళ్లం కుట్టాం. చలికాలంలో వాండా కోళ్ల షెడ్డుతో పాటు ఇల్లు కూడా కాలిపోయిందిగా. పిల్లల పెట్టెల వెనకాల సర్దేశాను. కోర్నీకీ తెలీదు."

కోర్నీ దగ్గర నమ్మకస్తులైన డ్రైవర్లకిచ్చే కార్డు ఉంది. కాగితంలో లేని వస్తువు లారీలో ఒక్కటి దొరికినా ఆ కార్డు లాగేసుకుంటారు. తెలియదంటే వినరు. ఆ కార్డు లేని ముసలి డ్రైవరుకు సరిహద్దు దాటే పని ఎవరిస్తారు? అగాథా ప్రేమగా సర్దిన బొంత కోర్నీ నోటి దగ్గర కూడు లాగేసేలా ఉంది.

యివెట్ కోర్నీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. స్టీరింగ్ పట్టుకున్నాడంటే ఆ మనిషి దేవుడు పిలిచినా పలకడు. పైగా వెళ్లొచ్చన్న మాట ముందే చేరింది కనుక ఈరోజు హోటల్ దగ్గర ఆగడు కూడా. ఆమె వెంటనే డోరీన్‌కు చేసింది.

"కోర్నీ లారీ వచ్చిందా?"

"అదిగో, మలుపు తిరుగుతోంది."

"ఆపు వాణ్ణి! ఎలాగైనా ఆపు!"

డోరీన్ ఎందుకని అడగలేదు. ఫోన్ బల్ల మీద పడ్డ చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత పొడవాటి హారన్, బ్రేకుల కీచుమన్న మోత. ఆ వెంటనే కోర్నీ తిట్లు. తిట్లు వినడం తన జీవితంలో ఎప్పుడూ అంత హాయిగా అనిపించలేదని యివెట్ తర్వాత చెప్పుకుంది.

"ఈ మనిషి ఏప్రన్ ఊపుకుంటూ నడిరోడ్డు మీద నిలబడింది! మీ ఇద్దరికీ పిచ్చా?" అని ఫోన్‌లో అరిచాడు కోర్నీ.

"వెనక్కెళ్లి నీలం పెట్టె చూడు. తర్వాత తిట్టు."

వెళ్లొచ్చాడు. గొంతు మారిపోయింది. "నా కార్డు పోయుండేది."

"పోలేదుగా. పెట్టె డోరీన్ దగ్గర దింపేస్తే నువ్విప్పుడే వెళ్లిపోవచ్చు. కాగితంలో చేర్చమంటే మళ్లీ గంట ఆగాలి. నీ ఇష్టం."

"మూత తీశాను, యివెట్. బొంతలో ముక్కముక్కకీ కుట్టినావిడ పేరుంది. కోడిపిల్లలు వెచ్చగానే ఉన్నాయి. కాగితంలో రాయి, ఆగుతాను."

బతుకుతెరువు ఊడబోయిన మనిషి అన్న మాట అది. యివెట్ కళ్లు తుడుచుకుని అగాథాకు ఫోన్ చేసి, గుడ్డేమిటో, లోపల పెట్టింది దూదో, ఉన్నియో అని ఆరా తీసింది. అగాథాకు ఒళ్లు మండింది.

"ముందే చెప్పేస్తే కానుకెలా అవుతుందే? సరుకవుతుంది!"

"సర్కారుకు చెబుతాను. వాండాకు చెప్పను."

"సర్కారు నోరు మూసుకుంటుందా?"

అందుకూ యివెట్ దారి చూసింది. నకలు వాండాకూ వెళ్లే కోడిపిల్లల కాగితాల్లో బొంతను కలపలేదు. అగాథా పేరుతో కానుకగా విడిగా రాసింది. అవతల ఒప్పుకున్నాక మళ్లీ "వెళ్లొచ్చు" అని పంపి, చల్లారిన టీ తాగింది.

సాయంత్రం కోర్నీ ఫోన్ చేశాడు. గేటు దగ్గర అధికారి నీలం పెట్టె తెరిపించాడట. కాగితం చూశాడు, బొంత చూశాడు, పేర్లన్నీ చదివాడు.

"అందుకునే ఆవిడకి తెలుసా అనడిగాడు. తెలీదన్నా. మూత తనే సరిగ్గా పెట్టి, కార్డు నా చేతికిచ్చి, నువ్వూ చెప్పకు అన్నాడు."

"మరి వాండా?"

"బొంత భుజాల మీద కప్పుకుని, అలాగే కోడిపిల్లల్ని దింపుకుంది."

ఆకులు రాలే రోజుల్లో అగాథా మళ్లీ ఫోన్ చేసింది.

"రాసుకో పిల్లా. బొంత ఒకటి. పంపేది అగాథా రెంపెల్. అందుకునేది యివెట్ సాబురిన్."

"మనిద్దరి మధ్య సరిహద్దు లేదుగా, మిసెస్ రెంపెల్! నాకు ముందే చెప్పడమెందుకు?"

"చెప్పకపోతే ఊరుకుంటావా? నడిరోడ్డు మీద లారీ ఆపించే రకానివి!"

యివెట్ నవ్వుతూ కలం తీసింది. ఏ గుడ్డ, ఏ రంగు అని అడగబోయి, నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.