నలభై మూడు పళ్లు

అన్యాయం ఎవరికి జరిగింది? రుద్రంగి రాజేశానికి. ఎలా జరిగింది? ఒక పాత కారు వెనక ఇరుసులో రెండు పళ్ల తేడా వల్ల. ఆ తప్పు తనదేనని ఎరిగిన మనిషి మౌనం వల్ల.

ఆ మనిషి పేరు హన్మంతు. కోరుట్లలోని తన షెడ్డులో జీపు ఇరుసు విప్పి, క్రౌను చక్రంలో ఒక పంటికి సుద్దగీత పెట్టి, ఉదయం నుంచి మూడోసారి లెక్క మొదలుపెట్టాడు. గ్రీజు ఇంకిన వేళ్లు ఇరవై దాటగానే తడబడ్డాయి.

"పెండ్లిసూపులల్ల గూడ గిన్నిసార్లు పండ్లు సూడరే, హన్మంతన్నా!" అన్నాడు జీపు యజమాని సురేందర్.

హన్మంతు నవ్వలేదు. నిన్న రాజేశం కూతురు అనూష ఫోన్ చేసింది: "నాయిన మంచాన వడ్డడు, అన్నం ముడుతలేడు, కాకా." అప్పటినుంచి అతనికి కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన బరువైన పాత చక్రాన్ని సంచిలో వేసుకొని రుద్రంగి బస్సెక్కాడు.

పద్దెనిమిదేళ్ల కిందట రాజేశం, హన్మంతు ఇద్దరూ దుబాయిలో పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేసే షెడ్డులో పనివారు. ఒక రెండు సీట్ల ఎర్ర కారుకు ఫ్యాక్టరీ అమర్చిన జత: పదకొండు పళ్ల చిన్న పినియను చక్రం, దాన్ని కరుచుకొని తిరిగే నలభై మూడు పళ్ల పెద్ద క్రౌను చక్రం. అరిగిన క్రౌను పళ్లు లెక్కపెట్టింది హన్మంతు. మధ్యలో ఇంటినుంచి ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి నలభై ఒకటి అన్నాడు. ఆ మాట నమ్మి రాజేశం నలభై ఒక్క పళ్ల జత బిగించి, పనికాగితం మీద సంతకం చేశాడు. పళ్లు తగ్గడంతో కారు, మీటరు చూపిన దానికన్నా వేగంగా పరుగెత్తింది. యజమానికి పోలీసు జరిమానా పడింది. లెక్కపెట్టింది ఎవరని మేనేజరు అడిగినప్పుడు హన్మంతు నేల చూశాడు. ఆ అరిగిన క్రౌను చక్రాన్ని మాత్రం తన పెట్టెలో దాచుకున్నాడు. వీసా పోయింది రాజేశానికి. కబురు అతనికన్నా ముందే ఊరు చేరింది. ఏ షెడ్డూ పనివ్వలేదు. రైసుమిల్లు కాపలాలో బతుకు గడిచిపోయింది. భార్య మొగిలవ్వే అతన్ని "లెక్కరానోడు" అని పిలిచేది.

హన్మంతు రుద్రంగి చేరేసరికి మొగిలవ్వ గడపలో బీడీలు చుడుతోంది. హన్మంతు చక్రాన్ని ఆమె చేటలో పెట్టి, ఒక పంటికి సుద్ద గీశాడు.

"గిదేంది? అన్నం దినలేనోనికి ఇనుము దెచ్చినవా?"

"గిది గా దుబాయి కారు చక్రం. గీత కాడికెల్లి లెక్కవెట్టు, వదినె."

రోజుకు వేయి బీడీలు లెక్కతప్పక కట్టలు కట్టే వేలు పంటి మీదనుంచి పంటి మీదకు కదిలింది. "నలభై మూడు."

"గా నాడు నలభై ఒకటని జెప్పింది నేను. అన్న తప్పేం లేదు. నా వీసా పోతదని నోరు మూసుకున్న."

మొగిలవ్వ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. తరువాత లోపల మంచం మీదున్న భర్త వైపు తిరిగింది. "నాకెందుకు జెప్పలె?"

"జెప్తే నమ్ముదువా?" అన్నాడు రాజేశం.

హన్మంతు అతని పాదాలు పట్టుకున్నాడు.

"నాకెరుకే, తమ్మీ. గీమెకు ఎరుక గావాలె."

మొగిలవ్వ గంజి తెచ్చింది. ఆమె చేతినుంచి రెండు గుక్కలు తాగి, రాజేశం గోడవైపు ఒత్తిగిలాడు. పొద్దు వాలేసరికి ఊపిరి ఆగింది.

చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ మొగిలవ్వ మొదట ఒకే మాట చెప్పింది: "మా ఆయిన లెక్క తప్పలె. తప్పింది హన్మంతు." హన్మంతు వాకిట్లో నిలబడి ప్రతిసారీ "అవు, నేనే" అన్నాడు. చివరి మనిషి కూడా విని వెళ్లేదాకా కదలలేదు. పద్దెనిమిదేళ్ల బాకీ అణాపైసలతో తీరింది.

చేటలో, తునికాకుల నడుమ, చక్రం అలాగే ఉంది. ఒక్క పంటి మీద సుద్దగీత, మొగిలవ్వ వేలు రెండుసార్లు తాకినందున సగం చెరిగి.